అక్కమహాదేవి: స్వేచ్ఛ, స్వాతంత్ర్యము

స్వేచ్ఛ, స్వాతంత్ర్యము అను రెండు మాటలను మనము నిత్యవ్యవహారమున ఒకే యర్థముతో వాడుచుందుము. పదవిభాగము చేసి చూచినచో ఆ రెండును ఒకటి కావు. స్వేచ్ఛ యనగా తన యిచ్ఛ. మనస్సునకు తోచినది చేయగలుగుట. స్వాతంత్ర్యమనగా తనపై తన తంత్రమే నడచుట. అనగా తన్ను తాను పాలించుకొనగలుగుట. ఇచ్ఛ కాలువ నీటివంటిది. పల్లమెటున్న అటు పారును. గట్టు లేనిచో ఆ నీరు తన చేనిని తడుపకపోగా పొరుగువాని చేనిని ముంచును. ఆ గట్టు ఎవరు వేయవలెను? ఎంత ఎత్తున వేయవలెను? సంఘమునందు బ్రదుకు మనుష్యుని స్వాతంత్ర్యమును గూర్చిన అసలు ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్న గ్రంథములకు మాత్రమే చెందినది కాదు. ప్రతి గృహమునందును కలదు. ఎదిగిన కుమారుడు తన చదువు, తన యుద్యోగము తన యిష్టమనును. కుమార్తె తన వివాహము తన సమ్మతితోనే జరుగవలెననును. నలుగురేమందురో యని తల్లిదండ్రులు వెనుదీయుదురు. ఇరువురి మాటలోను కొంత న్యాయమున్నట్లే తోచును. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము ఒక స్త్రీ ఈ ప్రశ్నకు తన జీవితమునే పణముగా పెట్టి, సమాధానమును తన నడవడిచేత చూపెను. ఆమెయే శివశరణి అక్కమహాదేవి.

అక్కమహాదేవి పండ్రెండవ శతాబ్దికి చెందినది. ఆమె కథ మనకు ముఖ్యముగా కన్నడ కావ్యములవలన తెలియుచున్నది. హరిహరకవి రచించిన మహాదేవియక్కన రగళె వానిలో ప్రాచీనమైనది. పదునైదవ శతాబ్దిలో, విజయనగరమున ప్రౌఢదేవరాయలు రాజ్యమేలుచుండగా, చామరసకవి ప్రభులింగలీలెను రచించెను. అదే శతాబ్దిలో కూర్పబడిన శూన్యసంపాదనెయందు, కల్యాణమున ఆమెకును అల్లమప్రభువునకును జరిగిన సంవాదము కలదు. చామరసుని కథ పిడుపర్తి కవుల మూలమున తెలుగునకును వచ్చెను. ఈ గ్రంథములు అన్ని విషయములందును ఏకీభవింపవు. ఆ భేదములు కూడ మన విచారమునకు ఉపకరించునవే.

ఉడుతడి నుండి రాజగృహమునకు

ఆమె జన్మస్థలము ఉడుతడి. అది నేటి కర్ణాటక రాష్ట్రమున శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోని గ్రామము. అల్లమప్రభువు పుట్టిన చోటుగా ప్రసిద్ధమైన బళ్లిగావియు ఆ ప్రాంతముననే యున్నది. తల్లిదండ్రులు శివభక్తులు. వారి పేర్లు నిర్మలుడు, సుమతి యని సంప్రదాయమున వినవచ్చుచున్నది. మహాదేవి చిన్ననాడే ఇష్టలింగ దీక్షను పొందెను. లింగపూజయే ఆటగా, శరణుల కథలే పాటలుగా పెరిగెను. శ్రీశైల మల్లికార్జునుని తన పతిగా మనసున వరించెను. తరువాతి కాలమున ఆమె చెప్పిన వచనములన్నిటికి చెన్నమల్లికార్జున యను నామమే అంకితమైనది. చెన్ను అను మాటకు మన తెలుగునందును సౌందర్యమనియే యర్థము కదా!

ఆ ప్రాంతమునేలు రాజు కౌశికుడు. అతడు లింగధారి కాడు, శివదీక్ష లేని భవి. ఒకనాడు ఊరేగింపుగా పోవుచు, ఇంటి ముంగిట నిలిచియున్న మహాదేవిని చూచి మోహించెను. పరిచారకులను పంపి పిల్లనిమ్మని యడిగించెను. భవికి తమ కూతునిచ్చుటకు తల్లిదండ్రులు ఇష్టపడలేదు. అంతట అడిగిన నోటనే బెదిరింపు వచ్చెను. ఈ పెండ్లికి ఒడంబడనిచో తల్లిదండ్రుల ప్రాణములు దక్కవని రాజభటులు సూచించిరి.

ఇచట కౌశికుని స్థితిని ఒకసారి యోచింపవలెను. ఒక కన్యను కోరుట దోషము కాదు. కోరిక తెలుపుటయు దోషము కాదు. కాని కాదను హక్కు ఎదుటివారికి లేకుండ చేసినప్పుడు ఆ కోరిక దౌర్జన్యమగును. రాజుగాన అతని యిచ్ఛకు అడ్డు చెప్పువారు లేకపోయిరి. గట్టులేని కాలువవలె అది పరుల యింటిని ముంచెను. స్వేచ్ఛ సంపూర్ణముగా నున్నవాడు ఈ కథయందు కౌశికుడు. తన కోరికను తానే ఆపుకొనలేని వాడును అతడే.

మహాదేవి తల్లిదండ్రులను చూచెను. తాను మొండికెత్తినచో తన పట్టుదలకు మూల్యము చెల్లింపవలసినవారు వారు. తన ప్రాణమును తాను లెక్కచేయకుండుట ఆమెకు సాధ్యమే. కన్నవారి ప్రాణములను పణము పెట్టుటకు తనకు అధికారము లేదని ఆమె తలచెను. హరిహరుని కథనము ప్రకారము ఆమె వివాహమునకు ఒప్పుకొనెను. కాని ఊరక ఒప్పుకొనలేదు. తన యిష్టము వచ్చినట్లు శివపూజ చేసికొందుననియు, మాహేశ్వరులతో గోష్ఠి సలుపుదుననియు, గురుసేవ చేయుదుననియు, వీనికి రాజు అడ్డురారాదనియు షరతులు పెట్టెను. తప్పు జరిగినచో మూడు పర్యాయములు సహింతుననియు, అటుపై నిలువననియు చెప్పెను. రాజు అంగీకరించెను.

ఈ ఒప్పందము మిక్కిలి గమనింపదగినది. చేతిలో సైన్యము లేని స్త్రీ, సైన్యమున్న రాజునకు హద్దు గీసెను. దేహము రాజగృహమున ఉండవచ్చునుగాని, పూజయు, సత్సంగమును, గురువును తనవి. మనుష్యుడు లోకముతో ఎన్ని విషయములనైన సర్దుకొనవచ్చును. ఏ విషయమున సర్దుకొనరాదో ముందుగా తెలిసికొని, దానిని ఎదుటివారికి తేటగా చెప్పినవాడే స్వతంత్రుడు. అట్లు చెప్పక సహించి సహించి, తుదకొకనాడు ఆగ్రహించువాడు తానును సుఖపడడు, ఇతరులను సుఖపెట్టడు. మహాదేవి ముందే చెప్పెను. తప్పు దిద్దుకొనుటకు అవకాశమును ఇచ్చెను.

కౌశికుడు మాట నిలుపుకొనలేదు. జంగములు వచ్చినప్పుడు విసుగుకొనెను. పూజకు భంగము కలిగించెను. ఆమె సహించెను. మూడవ తప్పు జరిగిన క్షణమున ఆమె మరల మాటలాడలేదు. రాజు ఇచ్చిన నగలు, చీరలు, భవనము అన్నియు విడిచి వెలుపలికి నడచెను. చామరసుని కావ్యమున అసలు వివాహమే జరుగలేదు. రాజగృహమునకు పోయిన మహాదేవి, రాజు మాట తప్పగానే విడిచిపోవును. కవులకు వివాహ విషయమున భేదమున్నది. మాట తప్పినచోట బంధము నిలువదను విషయమున మాత్రము భేదము లేదు.

త్రోవలో

రాజు ఇచ్చిన వస్త్రమును కూడ ఆమె విడిచెను. దీర్ఘమైన కేశములే ఆమెకు ఆచ్ఛాదనమయ్యెను. ఆకలి యగునప్పుడు ఊరిలో భిక్ష, దాహమునకు చెరువు నీరు, రాత్రికి పాడుగుడి నీడ. ఒంటరి స్త్రీ, యౌవనవతి, కల్యాణమునకు పయనమయ్యెను. త్రోవలో ఎన్ని చూపులు, ఎన్ని మాటలు ఆమెను వెంబడించియుండునో ఊహింపవచ్చును. లోకమున పుట్టినవారు స్తుతినిందలను కోపములేక సహింపవలెనను భావము ఆమె వచనములలో కనబడును. అది గదిలో కూర్చుండి చెప్పిన నీతి కాదు. త్రోవ నేర్పిన పాఠము.

స్వాతంత్ర్యమును కోరువారు దీనిని మరువరాదు. తన మార్గమును తానే ఎన్నుకొన్నవాడు ఆ మార్గమునందలి ముండ్లను ఇతరుల కాళ్లకు గ్రుచ్చరాదు. ఎన్నిక తనదైనప్పుడు కష్టమును తనదే కావలెను. మహాదేవి రాజగృహమును విడిచిన తరువాత కౌశికుని దూషించుచు తిరుగలేదు. ఎవరిపైనను పగ సాధింపలేదు.

అనుభవమంటపమున పరీక్ష

ఆ కాలమున కల్యాణము బిజ్జలుని రాజధాని. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే ఆ నగరము. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున మంత్రియై యుండి, శరణులకు అనుభవమంటపమును ఏర్పరచెను. అచట అల్లమప్రభువు శూన్యసింహాసనమున కూర్చుండెడివాడు. చెన్నబసవేశ్వరుడు, సిద్ధరాముడు మొదలగువారితోపాటు చేతిపనులవారు ఎందరో ఆ సభలో సమానులై యుండిరి. అజగణ్ణని సోదరి ముక్తాయక్క, బసవేశ్వరుని యిల్లాలు నీలాంబిక, ఏరుకొన్న బియ్యముతో దాసోహము సలుపు లక్కమ్మ, పూర్వము వేశ్యావృత్తిలోనుండిన సంకవ్వ మొదలగు స్త్రీలు వచనములు చెప్పిరి. పుట్టుక గాని, స్త్రీత్వము గాని, గడచిన జీవితము గాని అచట అడ్డు కాలేదు.

అట్టి సభయందును మహాదేవికి ప్రవేశము సులభముగా లభింపలేదు. శూన్యసంపాదనెయందు మొదట కిన్నరి బొమ్మయ్య ఆమెను పరీక్షించెను. పిమ్మట నిండుసభలో అల్లమప్రభువు ప్రశ్నించెను. ఆమె పతి యెవరో చెప్పనిదే అచట కూర్చుండరాదనెను. యౌవనవతియైన స్త్రీ ఇట్లు వచ్చుట శరణులకు అపవాదు తెచ్చునని సూచించెను. చెన్నమల్లికార్జునుడే తన పతి యని ఆమె చెప్పెను. కౌశికుని తప్పులు చూచి విడిచివచ్చితివి కదా, అది వైరాగ్యమెట్లగునని అతడు మరల ప్రశ్నించెను. ఒక్కొక్క సమాధానమునుండి ఒక్కొక్క ప్రశ్నను తీయుచు పోయెను.

తుదకు అతడు వేసిన ప్రశ్న కఠినమైనది. దేహభావము నశించినదని చెప్పుకొనుచున్న ఆమె, కేశములతో దేహమును ఏల కప్పుకొన్నది? సిగ్గు మిగిలియున్నట్లే కదా! వస్త్రము విడిచి కురులు కప్పుకొనుటలో విడిచినదేమి? సభ యంతయు ఆమె వైపు చూచెను.

ఆమె సమాధానము ఈ చరిత్రకంతకు హృదయము వంటిది. తనకు సిగ్గుండుటచేత కప్పుకొనలేదని ఆమె చెప్పెను. చూచువారి మనస్సు నొచ్చుకొనునేమో, చలించునేమో యని కప్పుకొంటినని చెప్పెను. తనకు అక్కరలేని ఆచ్ఛాదనమును ఇతరుల కొరకు ధరించితినని దాని భావము.

ఒక్కసారి యోచింపుడు. రాజు బలవంతమున ఇచ్చిన పట్టుచీరను ఆమె ధరింపలేదు. బెదిరింపునకు లోబడి ఒక్క దినము అధికముగా రాజగృహమున నిలువలేదు. అట్టి స్త్రీ, ఎవరును ఆజ్ఞాపింపకయే, ఎదుటివాని మనస్సును తలంచి తనకు తాను ఒక హద్దు గీసికొనెను. పరులు బలవంతమున వేసినది సంకెల. పరుల మేలుకొరకు తాను వేసికొన్నది గట్టు. రెండును చూచుటకు ఒకే విధముగా నుండవచ్చును. ఒకటి పారతంత్ర్యము, రెండవది స్వాతంత్ర్యమే.

అల్లమప్రభువు నడవడియు అంతే గమనింపదగినది. అతడు కఠినముగా ప్రశ్నించెను, కాని అవమానింపలేదు. సమాధానము చెప్పుటకు ఆమెకు నిండుగా అవకాశమునిచ్చెను. సమాధానము సత్యమని తోచిన పిమ్మట సందేహమును మనసున దాచుకొనలేదు. సభ యామెను గౌరవించెను. వయస్సున చిన్నదైనను శరణులందరకు ఆమె అక్క యయ్యెను. స్వతంత్రుడనని చెప్పుకొనువాడు సంఘము ప్రశ్నకు సమాధానము చెప్పుటకు సంకోచింపరాదు. ప్రశ్నించు సంఘము సమాధానము వినిన పిమ్మట అంగీకరించుటకు సంకోచింపరాదు. సంఘము అడుగవచ్చును, బలవంతపెట్టరాదు. సంఘమునకును ఒక హద్దు కలదు.

హద్దును తానే గీసికొను ఈ ధర్మము కల్యాణమున అక్క యొక్కతెకే పరిమితము కాదు. లక్కమ్మ భర్త మారయ్య ఒకనాడు నిత్యముకంటె అధికముగా బియ్యము ఏరి తెచ్చెను. నాటి దాసోహమునకు చాలినంత కంటె ఎక్కువ మనకేల యని లక్కమ్మ దానిని మరల ఆ చోటనే పోసిరమ్మనెను. అడ్డగించినవారు లేరు, అధికముగా తెచ్చుట నేరమును కాదు. అయినను ఇంతవరకే నాది యని తెలిసికొనుటలో ఆ దంపతుల స్వాతంత్ర్యమున్నది.

ఈ హద్దును సంఘము మీరినప్పుడు ఏమగునో కూడ కల్యాణమే చూపినది. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ వంశజుడైన మధువయ్య కుమార్తెకును శరణుల సమ్మతితో వివాహము జరిగెను. ఇరుపక్షముల పెద్దలును ఇష్టపడిన వివాహమది. ఎవరికిని హాని చేయలేదు. అయినను ఆచారము చెడినదను మొరను విని బిజ్జలుడు ఆ తండ్రులిద్దరకు మరణదండనము విధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. 1167 ప్రాంతమున కల్యాణము కల్లోలమయ్యెను. శరణులు చెదరిపోయిరి. బిజ్జలుడు హతుడయ్యెనని కథలు చెప్పుచున్నవి. ప్రశ్నతో ముగియవలసిన విషయము దండనముతో మొదలైనచో రాజ్యమే నిలువదు. పగతో పగ తీరదనుటకును ఆ దినములే సాక్ష్యము.

శ్రీశైల కదళీవనము

అక్కమహాదేవి కల్యాణమున చిరకాలము నిలువలేదు. శరణుల వద్ద సెలవు గైకొని, అల్లమప్రభువు సూచనతో శ్రీశైలమునకు పయనమయ్యెను. కన్నడ దేశమున పుట్టి పెరిగిన శరణి తెలుగునేలను చేరెను. నల్లమల యడవులు, కృష్ణవేణి లోయ, మల్లికార్జునుని శిఖరము ఆమెను ఆహ్వానించెను. హరిహరుని కథయందు తల్లిదండ్రులు ఆమెను వెదకుకొనుచు శ్రీశైలమునకు వచ్చి యింటికి రమ్మని వేడుకొందురు. కౌశికుడును భక్తవేషమున వచ్చి ప్రార్థించును. ఆమె మరలిపోలేదు. నాడు తల్లిదండ్రుల ప్రాణములకు ఆపద యున్నది కనుక తల యొగ్గినది. నేడు వారికి ఆపద లేదు. ఉన్నది వియోగదుఃఖము మాత్రమే. పరుల హాని వేరు, పరుల అసంతృప్తి వేరు. హాని కలుగుచోట స్వాతంత్ర్యము ఆగవలెను. అసంతృప్తి కలుగుచోట ఓర్పుతో నచ్చజెప్పవలెను. అసంతృప్తికి జడిసి ఆత్మమార్గమును విడువనక్కరలేదు. ఈ సూక్ష్మభేదమును గ్రహించినచో మన యిండ్లలోని సగము కలహములు సమసిపోవును.

కదళీవనమున ఆమె చెన్నమల్లికార్జునునియందు ఐక్యమయ్యెనని శరణులు చెప్పుదురు. నేడును శ్రీశైలమునకు పోవు యాత్రికులు పాతాళగంగ రేవునుండి పడవపై పోయి, అడవి యంచున అక్కమహాదేవి గుహలను దర్శించుచున్నారు. ఆమె పేర సుమారు 430 వచనములు లభించుచున్నవి. యోగాంగత్రివిధి యను కృతియు కలదు. కర్ణాటకమున విజయపురమందు 2003 లో ఏర్పడిన మహిళా విశ్వవిద్యాలయమునకు 2017 లో ఆమె పేరు పెట్టబడినది. చదువుకొను కన్యలకు అంతకంటె తగిన పేరు దొరకదు.

అక్క వేషమును అనుకరింపవలెనని ఎవరును చెప్పరు. అది ఆమె యొక్కతెకు చెల్లినది. అనుకరింపవలసినది ఆమె వివేకము. పిల్లలు తమ యిష్టమును చెప్పినప్పుడు, ఇది ఎవరికైన హాని చేయునా యని పెద్దలు మొదట ప్రశ్నించుకొనవలెను. హాని లేనిచో, నలుగురి మాటకు వెరచి వారి జీవితమునకు సంకెల వేయరాదు. ముఖ్యముగా కుమార్తె సమ్మతిని అడుగకయే వివాహము నిశ్చయించు గృహము, అక్క జయంతిని ఎంత వైభవముగా జరిపినను కౌశికుని పక్షముననే నిలిచినదగును. పిల్లలును తమ యిచ్ఛయే స్వాతంత్ర్యమని భ్రమపడరాదు. తమ నడవడి ఎవరి మనస్సును నొప్పించునో తలంచుకొని, అడిగినవారికి మర్యాదతో సమాధానము చెప్పవలెను. మఠములందు ప్రశ్నించు యువకులకు చోటుండవలెను. అనుభవమంటపము ప్రశ్నలతోనే నడచినది.

కాలువకు గట్టు ఎవరు వేయవలెనని మొదట అడుగుకొంటిమి. రాజు వేసినచో అది తెగును. నలుగురు వేసినచో అది ఇరుకగును. తన పొలమును, పొరుగువాని పొలమును కూడ ఎరిగినవాడు తన చేతులతో వేసికొన్న గట్టే నిలుచును. అక్కమహాదేవి కురులు అట్టి గట్టు.